అందరికీ వినపడిన బేరింగు

పోయిన వారం మనం శాలేమురాజును బసవమ్మగారి చేలో, మిషను సీటు మీద, తాళం తిప్పబోతుండగా వదిలిపెట్టి వచ్చాం. ఆ సీటు దాకా రావడానికి అతనికి ఎనిమిది నెలలు పట్టింది.

తెనాలి చివర రేపల్లె రోడ్డులో ఉంది అతని షెడ్డు. కిందటి చైత్రంలో బసవమ్మగారు అక్కడికొచ్చి ఒక మాట అన్నారు. "ఏవయ్యా రాజూ, ఈ గడ్డి చుట్టే బేలరుని ట్రాక్టరు వెనక కట్టి లాగుతుంటే ట్రాక్టరు ముందుపోయి గడ్డంతా బురదలోకి తొక్కేస్తోంది. మలుపు తిరగాలంటే ఇంకో చేను కావాల్సొస్తోంది. ముందు ఏరుకుని, తర్వాత తొక్కే మిషను చెయ్యలేవా?" ఆవిడకు అరవై నాలుగేళ్ళు. రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్ళే దారిలో పదకొండెకరాల మాగాణి, ఇరవై రెండు పాడి గేదెలు. అనుకున్న మాట అనెయ్యడం తప్ప దాచుకోవడం తెలియని మనిషి.

శాలేమురాజు ఆ మాట పట్టుకున్నాడు. ఆవిడ సావిట్లోనే తుప్పుపట్టి పడున్న పాత చైను మిషను ఒకటుంది. రబ్బరు పట్టాల మీద బురదలో కూడా దిగబడకుండా నడిచే వరికోత మిషను. దాని కోతబ్లేడ్లు, నూర్చే డ్రమ్ము ఊడబీకాడు. బేలరుకుండే గడ్డి ఏరే పళ్ళని తెచ్చి ముందు బిగించాడు. గడ్డిని చుట్టచుట్టే గదిని వెనక ఎక్కించాడు. మధ్యలో డ్రైవరు సీటు. ఇక ట్రాక్టరుతో పనిలేదు. తన కాళ్ళ మీద తను నడిచే బేలరు అది.

ఎనిమిది నెలల ఆ పనిలో ఒక సంగతి అతను మనకు తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. అతనికి చెవులు పోతున్నాయి.

ముప్ఫయ్యేళ్ళ సుత్తిదెబ్బలు, గ్రైండరు రొద తిన్న చెవులు. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. తర్వాత మాటల్లో ముక్కలు పోవడం మొదలైంది. తెనాలిలో చెవుల డాక్టర్లకు కొదవ లేదు గాని, ఏ డాక్టరు గుమ్మంలో చూసినా పలకరించే ముఖాలే. అందుకని రెండేళ్ళ కిందట పాసింజరెక్కి గుంటూరు వెళ్ళి, తెలిసినవాళ్ళు లేని చోట పరీక్ష చేయించుకున్నాడు. ఆ డాక్టరు కాగితం మీద కిందికి జారిపోయే గీత ఒకటి చూపించి, "హోరు వినపడుతుంది, కీచుమనేది వినపడదు. ఇక పోయింది తిరిగి రాదు" అన్నాడు. ఆ రోజు నుంచి ఎవరేమన్నా "ఊఁ" అనడం అలవాటు చేసుకున్నాడు. ఊఁ అంటే చాలా మాటలు వాటంతటవే సర్దుకుపోతాయి. చర్చిలో ఇరవయ్యేళ్ళు డోలక్ వాయించినవాడు, పాట ఒక దారిన తన వాయింపు ఒక దారిన పోతున్నాయని ఒక ఆదివారం తోటివాళ్ళ ముఖాల్లో చూసి, పై వారం నుంచి మానుకున్నాడు. "రాజుగారికి గర్వం పెరిగింది" అన్నారు. ఆ మాట కూడా అతనికి వినపడలేదు.

సరే, తాళం తిప్పాడు.

ఇంజను అందుకుంది. దాని హోరు చెవులకంటే ముందు తొడల్లోంచి, వెన్నులోంచి వచ్చింది. మిషను కదిలింది. కోత మిషను వదిలిపోయిన గడ్డి వరసను ముందరి పళ్ళు దువ్వెనలాగా దువ్వుకుంటూ పైకి తీసుకున్నాయి. పక్కనే డ్రైవరు ఏసుబాబు నడుస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, బసవమ్మగారి ట్రాక్టరు తోలేది అతనే. రేపు సాయంత్రానికి తుపాను వాన పడుతుందని టీవీలో పొద్దుట్నుంచీ చెబుతున్నారు. పదకొండెకరాల గడ్డి చేలో పరచి ఉంది. తడిసిందా, నల్లబడి కుళ్ళిపోతుంది. ఏడాది పొడుగునా ఇరవై రెండు గేదెలకు మేత కొనే పరిస్థితి వస్తే మందని అమ్ముకోవడమేనని బసవమ్మగారు ముందే అనేశారు.

మొదటి చుట్ట పడింది. పురికొసతో బిగించిన గుండ్రటి గడ్డిచుట్ట మిషను వెనక తలుపు తెరుచుకుని దొర్లింది. గట్టు మీదున్న ఆడకూలీలు చప్పట్లు కొట్టారు. శాలేమురాజు తల తిప్పి చూశాడు. రెండోది పడింది. మూడోది. చేను మూలకు వచ్చాడు. ట్రాక్టరయితే అక్కడ ముందుకీ వెనక్కీ ఆరుసార్లు తిప్పుకోవాలి. ఒక పట్టా ఆపి ఒక పట్టా నడిపాడు. మిషను ఉన్నచోటనే గిర్రున తిరిగింది. ఎంతకాలమైంది ఇట్లా సంతోషపడి!

నాలుగో చుట్ట సగంలో ఉండగా గట్టు వైపు చూశాడు. ఆడవాళ్ళంతా నిలబడి చేతులు పైకెత్తి ఊపుతున్నారు. నోళ్ళు తెరిచి కేకలు వేస్తున్నారు. వాళ్ళ వెనక, ఆకుపచ్చ గంజిచీరలో, చేతిసంచి పట్టుకుని స్టెల్లా. అతని భార్య. మిషను బయల్దేరే రోజని ఆమెకు చెప్పనైనా లేదు. ఆమె కూడా చెయ్యెత్తి ఊపుతోంది! అందరికంటే ఎక్కువగా, సంచి కింద పారేసి, రెండు చేతులూ ఊపుతోంది.

అతనూ చెయ్యెత్తాడు. నవ్వుతూ, పెళ్ళినాటి కుర్రాడిలాగా ఊపాడు.

తొడ మీద కర్రదెబ్బ పడింది. ఉలిక్కిపడి చూస్తే ఏసుబాబు. మిషను పక్కన పరిగెత్తుతూ, ముఖమంతా నోరై, వెనక్కి చూపిస్తున్నాడు. శాలేమురాజు తల తిప్పాడు. చుట్టే గది కుడిపక్క నుంచి నల్లటి పొగ, దాని అడుగున నాలుకలాగా మంట.

చెయ్యి ఇంజను ఆపే మీట మీదికి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇక్కడ ఆపితే? లోపలున్న చుట్ట అంటుకుంది. చుట్టూ ఎండుగడ్డి. ఆపి దిగి నీళ్ళు తెచ్చేలోపు మిషనే కాదు, చేను చేనంతా కాలిపోతుంది. పల్లపు మూలలో కోతకు ముందు పెట్టిన నీళ్ళు ఇంకా ఆరలేదని పొద్దునే చూసి ఉన్నాడు. గడ్డి తీసుకునే పళ్ళని పైకెత్తి, మిషనుని ఆ మూలకు తోలాడు. వీపు మీద సెగ తగులుతోంది. చొక్కా కాలుతోందో చర్మమే కాలుతోందో తెలియలేదు. బురదలోకి దిగి, వెనక తలుపు తెరిచే మీట లాగాడు. భగభగమంటున్న గడ్డిచుట్ట బురదనీళ్ళలో పడి ఒక్కసారిగా ఆవిరి కక్కింది. అప్పుడు ఇంజను ఆపి దూకాడు. ఆడవాళ్ళు గంపలతో బురద మోసుకొచ్చి మిషను మీద వేస్తున్నారు. ఏసుబాబు బిందెలతో నీళ్ళు కొడుతున్నాడు. బసవమ్మగారు కూడా చీర ఎగదోపి మోకాటి లోతు దిగి, చేతుల్తో బురద విసురుతున్నారు.

పదినిమిషాల్లో మంట ఆరింది.

మిషను బతికింది. ఒక బెల్టు కాలింది, రెండు వైర్లు కరిగాయి. అసలు నేరం చేసింది కుడిపక్క షాఫ్టు బేరింగు. దాన్ని పట్టుకునే ఇనప బ్రాకెట్టు వెల్డింగు వేడికి వెంట్రుకవాసి వంగింది. షాఫ్టు ఒక పక్కకు ఒత్తుకుని, గ్రీజు ఎండిపోయి, బేరింగు నిప్పుముద్దయింది. దాని మీద గడ్డిదుమ్ము పడింది. బేరింగు అట్లా చచ్చేటప్పుడు చెప్పకుండా చావదు. ముందు కీచుమంటుంది, తర్వాత అరుస్తుంది, ఆఖరికి గొంతు కోస్తున్న కోడిలాగా కేక పెడుతుంది. ఒకప్పుడు బండి షెడ్డు గేటు దాటక ముందే ఏ బేరింగు పోయిందో చెప్పినవాడు శాలేమురాజు.

పంటకాలువ దగ్గర కూర్చుని చేతులు కడుక్కున్నాడు. మసి ఒక పట్టాన పోవడం లేదు. బ్రాకెట్టు సరిచెయ్యడం ఎంతసేపు, బేరింగు సైజెంత, అని మనసులో లెక్కలు కడుతున్నాడు. లేచి వెనక్కి తిరిగేసరికి అందరూ అతన్నే చూస్తున్నారు. ఎవరూ కదలడం లేదు. రెండడుగుల దూరంలో బసవమ్మగారు.

"నిన్ను మూడుసార్లు పిలిచాను" అన్నారావిడ.

"ఆఁ, చెప్పండమ్మా. ఇంజను హోరులో..."

"ఇంజను ఆగి అరగంటయింది."

శాలేమురాజు తడి చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు.

"మూడోసారి ఏమన్నానో తెలుసా? నీ ఇల్లు తగలబడిపోయింది రాజూ అన్నాను. నువ్వు చేతులు కడుక్కుంటూనే ఉన్నావు." ఆవిడ గొంతు తగ్గించారో పెంచారో అతనికి తెలియలేదు. పెదాలు మాత్రం స్పష్టంగా కనిపించాయి. "ఆ బేరింగు అరుపు రోడ్డు మీద పోయే బస్సులో జనానికి వినపడింది. సావిట్లో గేదెలు కట్లు తెంచుకోబోయాయి. మేమంతా గొంతులు చించుకున్నాం. నువ్వు చెయ్యూపావు. నవ్వావు కూడానూ. చెవుల్లో సీసం పోసుకున్నావా అనుకున్నాను. అది కాదు గదా? నీకు వినపడదు. అవునా?"

అవునని అనడానికి మూడక్షరాలు చాలు. వాటికోసం వెతుక్కుంటూ నిలబడ్డాడు. గట్టు మీద ఆడకూలీలు, బిందె పట్టుకున్న ఏసుబాబు, అందరి వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న స్టెల్లా. ఇంతమందిలో నిలబడి ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేడు.

"అవునండి" అన్నాడు.

బసవమ్మగారు కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా తోచింది. ఆవిడ కూలీల వైపు తిరిగి ఏదో చెప్పారు. వాళ్ళు తలా ఒక చేట, గంప తీసుకుని పక్కకు వెళ్ళిపోయారు. ఏసుబాబు దగ్గరకొచ్చి, అతని ఎదురుగా నిలబడి, వేళ్ళతో గుండ్రంగా చూపిస్తూ, "బేరింగు విప్పి ఇవ్వన్నా. తెనాలి పోయి దానికి జోడు తెస్తా" అన్నాడు. విప్పి ఇచ్చాడు. మసిబారిన ఆ ఇనపచుట్టుని గుడ్డలో చుట్టుకుని ఏసుబాబు బండెక్కాడు.

స్టెల్లా వచ్చి గట్టు మీద, అతనికి ఎదురుగా కూర్చుంది. గంజిచీరకు బురద అంటుతోందని చూసుకోలేదు. ఇరవయ్యారేళ్ళుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న పంతులమ్మ. బట్టకు మడత పడితే ఒప్పుకోని మనిషి.

"ఎన్నాళ్ళ నుంచండీ?"

"ఐదేళ్ళవుతోంది. ముందు పిట్టలు పోయాయి. కుక్కరు విజిలు పోయింది. ఆ తర్వాత నీ గొంతు."

"నా గొంతా?"

"ఆడవాళ్ళ గొంతు సన్నం కదా స్టెల్లా. ఏసుబాబుది ఇంకా కాస్త అందుతోంది. ముఖం చూస్తే నీ మాటలూ తెలుస్తాయి. అటు తిరిగితే తెలీదు."

"నాకైనా చెప్పొచ్చుగా."

"మెకానిక్కుకి చెవుడంటే షెడ్డుకి ఎవడొస్తాడు? చప్పుడు విని జబ్బు చెప్పేవాడని పేరు. ఆ పేరు పోతే నేనెవర్ని?"

"నేను జనంలో ఒకదాన్నా?"

అతను చేతి మసిని గట్టు మీది గడ్డికి రుద్దుకుని మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"ఆగస్టులో ఒక ఆదివారం" అంది స్టెల్లా. ఒక్కొక్క మాటా విడదీసి, తరగతిలో డిక్టేషను చెప్పినట్టు చెబుతోంది. "మీరు వరండాలో కూర్చుని ఏదో గేరు కడుగుతున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. బాపట్లలో మిషనరీ వాళ్ళ ఆడపిల్లల హాస్టలుకి వార్డెనుగా రమ్మంటున్నారు, రాత్రీ పగలూ అక్కడే ఉండాలంట, వెళ్ళనా అని అడిగాను. మీరు ఊఁ అన్నారు."

శాలేమురాజు ఆ ఆదివారం కోసం వెతికాడు. గేరు గుర్తుంది. కిరసనాయిలు వాసన గుర్తుంది.

"ఒక్కసారైనా వద్దంటారేమో అని రెండోసారి అడిగాను. మళ్ళీ ఊఁ అన్నారు. ఆ రోజంతా నేను అన్నం తినలేదు. అది కూడా మీరు చూడలేదు."

"కాకరకాయ పులుసు పెట్టనా అని అడుగుతున్నావనుకున్నాను" అన్నాడతను. అది నిజం. ఆ రోజు నిజంగానే కాకరకాయ పులుసు పెట్టింది. అందుకే అనుమానం రాలేదు.

స్టెల్లా నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపయింది. కొంగుతో ముఖం కప్పుకుంది. అతను అక్కడే కూర్చున్నాడు. ఆమె ఏడుస్తూ ఏమైనా అంటోందేమో తెలియదు. కొంగు చాటున పెదాలు కనిపించవు కదా. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఇద్దరూ ఇట్లాగే ఉన్నారని అతనికి అప్పుడు తట్టింది. ఆమె మాట్లాడి మాట్లాడి మానేసింది. అతను ఆ నిశ్శబ్దాన్ని కూడా తన చెవుల ఖాతాలోనే వేసుకున్నాడు. ఆమె మాట్లాడ్డం మానేసిన రోజేదో కూడా అతనికి తెలియదు.

కొంగు తీశాక అన్నాడు. "వెళ్ళకు స్టెల్లా."

ఆమె అతని వైపు చూసింది. ఎన్నో నెలలు ఎదురుచూసిన మాట. అది వచ్చిన వేళ ఆమె కళ్ళలో సంతోషం లేదు.

"నిన్న పొద్దున చేరిపోయానండీ."

"నిన్ననా?"

"మీకు ఫోను మీద ఫోను చేశాను. ఎత్తరు. మెసేజీ పెట్టాను. చూడరు. ఇల్లు తాళం వేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళాను. ముఖాముఖీ చెప్పకుండా పోయానన్న మాట మిగలకూడదని ఇవాళ సెలవు అడిగి వచ్చాను. సాయంత్రానికల్లా మళ్ళీ అక్కడుండాలి. ఆటో రోడ్డు మీద నిలబడే ఉంది."

మూడు రోజులుగా శాలేమురాజు బసవమ్మగారి సావిట్లోనే మంచం వేసుకుంటున్నాడు. తెనాలిలో తన ఇంటికి నిన్నటి నుంచి తాళం వేలాడుతోందన్న సంగతి తెలియకుండా, రాత్రి నిద్రలో కూడా పుల్లీల లెక్కలు వేసుకున్నాడు. ఇప్పుడా ఇల్లు కళ్ళ ముందు కదిలింది. దీపం వెలగని వరండా, బోర్లించిన గిన్నెలు. తను తిరిగి వెళ్ళి తలుపు తీసేది ఆ ఇంటినే.

బసవమ్మగారు దూరంగా మిషను చుట్టూ తిరుగుతున్నారు. ఆకాశం తూర్పున మబ్బుగా లేదు గాని, సముద్రం వైపు నుంచి గాలి తడిగా వస్తోంది. చేలో ఇంకా పదెకరాల పైన గడ్డి పరుచుకుని ఉంది.

"స్టెల్లా, ఒక మాట అడుగుతాను" అన్నాడు శాలేమురాజు. "ఏసుబాబు బేరింగు తెస్తాడు. బ్రాకెట్టు సరిచేసి బిగించడం రెండు గంటల పని. మిషను మళ్ళీ నడుస్తుంది. రేపు మధ్యాహ్నానికి ఈ గడ్డంతా చుట్టేస్తుంది, నాకు నమ్మకముంది. కానీ అది మళ్ళీ అరిస్తే నాకు తెలియదు. ఏసుబాబు కింద నడుస్తుంటే, వాడు కర్రతో నన్ను అందుకునేలోపే ఆలస్యమైపోతుంది. సీటు పక్కన ఇంకొకరు కూర్చునే చోటుంది." ఆగాడు. ఇంతవరకూ ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. "నువ్వు కూర్చుంటావా? కీచుమంటే నా భుజం మీద కొట్టు. చాలు."

ఆమె లేచింది. చీర దులుపుకుని, గట్టు మీద పడేసిన చేతిసంచి తీసుకుని, రోడ్డు వైపు నడిచింది. శాలేమురాజు ఆమె వీపు చూస్తూ కూర్చున్నాడు. ఆటో దగ్గర ఆగి ఎవరికో ఫోను చేసింది. డ్రైవరుతో మాట్లాడింది. అతను తల అడ్డంగా ఊపాడు, తర్వాత నిలువుగా ఊపాడు. ఆమె లోపలికి వంగి, తెనాలి ఇంట్లోంచి తెచ్చుకున్న బట్టల పెట్టె తీసింది. ఆటో రేపల్లె వైపు వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి అతని ఎదురుగా నిలబడే దాకా ఆమె నోరు విప్పలేదు. "హాస్టలుకి ఫోను చేసి చెప్పాను. రేపు సాయంత్రం దాకానే. ఎల్లుండి తెల్లారి ప్రార్థనకి నలభై మంది పిల్లల్ని నేనే లేపాలి. అది మారదండీ."

"ఊఁ" అన్నాడు శాలేమురాజు. వెంటనే నాలిక కరుచుకుని, "విన్నాను. రేపు సాయంత్రం దాకా" అన్నాడు.

స్టెల్లా ముఖంలో అప్పుడు కొంచెం వెలుగు వచ్చింది.

బసవమ్మగారి వంటింట్లో ఇద్దరికీ అన్నాలు పెట్టారు. తిని, చెట్టు నీడన బ్రాకెట్టు విప్పి సుత్తితో సరిచేస్తున్నాడు శాలేమురాజు. స్టెల్లా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మాట్లాడాలనుకున్నప్పుడల్లా ముందు అతని మోచేయి తాకి, అతను తల ఎత్తాక మాట్లాడుతోంది. ఎవరూ నేర్పకుండా గంటలోనే నేర్చుకుంది.

ఒకటిన్నరకు బసవమ్మగారు ఫోను పట్టుకుని గబగబా వచ్చారు.

"ఏసుబాబు చేశాడు. తెనాలిలో నాలుగు షాపులు తిరిగాడంట. ఆ సైజు ఎక్కడా లేదంట. గుంటూరు నుంచి తెప్పించాలంటే ఎల్లుండి అంటున్నారంట." ఆవిడ ఊపిరి తీసుకున్నారు. "కానీ ఒక షాపాయన ఫోన్లో కనుక్కుంటే బాపట్లలో ఒకే ఒక్కటి ఉందంట. ఆ కొట్టు ఎవరిదో నీకు తెలుసంటున్నాడు. కృష్ణచైతన్యగారంట."

శాలేమురాజు చేతిలో సుత్తి కిందికి దిగింది.

ఈ కథ మొదట్నుంచీ చదువుతున్నవాళ్ళకి ఆ పేరు తెలుసు. తెలియనివాళ్ళకి చెప్పాలి. షెడ్డు బోర్డు మీద ఒకప్పుడు రెండు పేర్లుండేవి. రెండో పేరు అతనిది. పదిహేనేళ్ళు ఇద్దరూ ఒకే క్యారేజీలో తిన్నారు. మూడేళ్ళ కిందట రేకులు వంచే ప్రెస్సు కింద పడి కృష్ణచైతన్య కుడిచేతి వేళ్ళు రెండు నలిగిపోయాయి. మిషను నడుపుతున్నది శాలేమురాజు. చైతన్యే ఏమరుపాటున చెయ్యి పెట్టాడని అందరికీ చెప్పాడు. అందరూ నమ్మారు. చైతన్య ఆ మాట కాదనలేదు, అవుననలేదు. ఆసుపత్రి నుంచి రాగానే తన సామాను సర్దుకుని బాపట్ల వెళ్ళి స్పేరుపార్టుల కొట్టు పెట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"వేరే దారి చూద్దామండి" అన్నాడు శాలేమురాజు.

"వేరే దారి ఏముంది? మేఘాలు ఆగుతాయా?" అన్నారు బసవమ్మగారు. ఏసుబాబు చెప్పిన నంబరు నొక్కి, ఫోను అతని చేతిలో పెట్టబోయి, సగంలో ఆగారు. రాజుకు ఫోనులో ఏం వినపడుతుంది! ఫోను స్టెల్లా చేతికి మారింది.

"చైతన్యా, నేనయ్యా, స్టెల్లా వదిన్ని" అని ఆమె మొదలుపెట్టడం అతను చూశాడు. మిషను సంగతి, మంట సంగతి, బేరింగు అరుపు సంగతి చెప్పింది. బేరింగు దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం భర్త వైపు చూసింది. చెప్పనా అని ఆ చూపు. అతను తలూపాడు. "మీ అన్నయ్యకి వినపడదు చైతన్యా. ఐదేళ్ళయింది. ఇవాళే మాకు తెలిసింది."

తర్వాత ఆమె వింటోంది. చాలాసేపు వింది. ఆమె పెదాలు కదలనప్పుడు శాలేమురాజుకు చదవడానికి ముఖం ఒక్కటే మిగిలింది. ఆ ముఖంలో మొదట ఊరట కనిపించింది. తర్వాత కనుబొమలు దగ్గరకొచ్చాయి. చూపు మెల్లగా దిగి, సుత్తి పట్టుకున్న అతని చేతి మీద ఆగిపోయింది.

ఫోనుని గుండెకు ఆనించి, అవతలికి వినపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. ఇటు తిరిగి, ప్రతి మాటా అతనికి కనపడేలాగా అంది.

"బేరింగు ఇస్తాడట. తనే తీసుకుని ఇప్పుడే బయల్దేరతాడట."

శాలేమురాజు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"కానీ ముందు మిమ్మల్ని ఒకటి అడగమన్నాడు. ఆ రోజు చెయ్యి ప్రెస్సు కింద ఉండగా, అన్నా ఆపు, అన్నా ఆపు అని మూడుసార్లు అరిచాడట. మీరు ఆపలేదట. కావాలని చేశారేమోనని మూడేళ్ళుగా కుమిలిపోతున్నాడట. వినపడలేదన్న మాట ఇప్పుడు తెలిసి ఏడుస్తున్నాడండీ." ఆమె ఫోను వైపు ఒకసారి చూసింది. "కానీ ఐదేళ్ళంటున్నారు గదా వదినా అన్నాడు. నా వేళ్ళు పోయి మూడేళ్ళే. తనకి వినపడదని అన్నయ్యకి అప్పటికే తెలుసా? తెలిసే నన్ను ఆ ప్రెస్సు దగ్గర నిలబెట్టి మీట నొక్కాడా?"

బసవమ్మగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

"లైన్లోనే ఉన్నాడు" అంది స్టెల్లా. "ఏం చెప్పమంటారు?"